పితరుల ఎదిరింపును పిల్లలకు చెప్పవచ్చునా?



గ్రామ సంఘములలో తిరుగు సేవకునికి తరచుగా ఎదురగు ప్రశ్న యొకటి కలదు. దానిని అడుగువారు భక్తిహీనులు కారు. ఆదివారము ముందు వరుసలో కూర్చుండు పెద్దలే. "అయ్యగారూ, మన తాతముత్తాతలు పడిన పాట్లు, వారు ఊరి పెద్దలను ఎదిరించి చేసిన తగవులు ఇప్పుడు పిల్లలకెందుకండీ? క్రీస్తునందు మనము క్రొత్తవారము గదా. పాత బూడిదను కెలికితే నిప్పే గాని వెలుగు రాదు" అందురు. మరియొక వైపున కాలేజీలో చదువుకొనిన యౌవనులున్నారు. వీరు మందిరపు గుమ్మమువద్ద నిలిచి, "మన సంఘము మనకు తల వంచుటయే నేర్పెను, ఎదిరించుట ఎవరి యొద్దనో నేర్చుకొనవలసి వచ్చెను" అని చెప్పుచున్నారు. పెద్దలు మరువవలెననుచున్నారు, యౌవనులు మరచుటకు ఏమియు లేదనుచున్నారు. ఇద్దరికిని ఒకే కొరత యున్నది. తమ పల్లెలో సంఘమెట్లు పుట్టెనో ఇద్దరికిని సరిగా తెలియదు.

పెద్దలు సాధారణముగా అపొస్తలుడైన పౌలును సాక్షిగా పిలుతురు. ఫిలిప్పీయుల పత్రిక మూడవ అధ్యాయములో ఆయన వెనుకనున్న వాటిని మరచుటను గూర్చి చెప్పెను గదా యందురు. మంచిదే. అయితే అదే అధ్యాయమును పైనుండి చదువుడి. పౌలు అక్కడ లెక్కవేసి చూపినవి ఏవి? తన గోత్రము, తన వంశము, పరిసయ్యుడుగా తనకున్న పేరు. ఆయన విడిచిపెట్టినది తన గొప్పను. తన జనుల మొఱ్ఱను కాదు. ఆ పౌలే కొరింథీయులకు వ్రాయునప్పుడు అరణ్యములో ఇశ్రాయేలీయులు నడచిన కథనంతయు ఎత్తి, అది మనకు బుద్ధి కలుగుటకే వ్రాయబడెనని చెప్పెను. ఇక ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయమును చూడుడి. ప్రథమ ఫలముల గంప తెచ్చినవాడు యాజకుని యెదుట నిలిచి ఏమి ఒప్పుకొనవలెను? మా పితరులు రాజులని కాదు. దిక్కులేక తిరిగినవారనియు, ఐగుప్తులో వెట్టిచాకిరి చేసినవారనియు చెప్పవలెను. లోకములో ప్రతి జనమును తన పుట్టుకను ఏదో సూర్యవంశమునకు కలుపుకొనుచుండగా, ఈ జనమొకటి తన బానిసత్వమును పంట గంపతో కూడ దేవుని సన్నిధికి తెచ్చుచుండెను.

మన కథకు వత్తము. 1866వ సంవత్సరములో ఎర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మము పొందిరి. ఒంగోలుకు సుమారు 40 మైళ్ల దూరముననున్న తాళ్లకొండపాడు వారి గ్రామము. పేరయ్య మాదిగ, తోళ్ల వర్తకుడు. చదువు రానివాడైనను ఆలోచన లేనివాడు కాడు. సత్యమును వెదకుచు యోగమార్గమున గురువునాశ్రయించి ఎన్నో ఏండ్లు గడిపెను. వర్తకము నిమిత్తము ఉత్తరదిక్కునకు పోయినప్పుడు ఒంగోలు అబ్రాహామను తన బంధువు వలన క్రీస్తును గూర్చి వినెను. విని ఊరకుండలేదు, ఎవరైన వచ్చి చెప్పుదురని వాకిట కూర్చుండలేదు, తానే బోధకులను వెదకుకొనుచు పోయెను. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మంది. ఆ నెలలోనే క్లౌ దొరగారు పేరయ్య గ్రామమునకు పోయి గుడారము వేయగా, పేరయ్య తీసికొని వచ్చి నిలువబెట్టిన వారిలో 28 మంది బాప్తిస్మము పొందిరి. దొరగారు కోసిరి, నిజమే. విత్తినదెవరు?

మనము ఈ కథను ఎట్లు చెప్పుచున్నామో గమనించుడి. జూబిలీ పండుగలలో దొరగారి పటమునకు పూలమాల వేయుదుము. ఆయన పడిన ప్రయాస చిన్నది కాదు. మాల వేయుట తప్పు కాదు. కాని పేరయ్య పేరు ఎంతమందికి వచ్చును? ఒంగోలు ప్రార్థన కొండ మాటయు అంతే. 1854 జనవరి 1 వేకువను జ్యూయెట్ దొరగారు కొండమీద ప్రార్థించిరని సండే స్కూలు పిల్లలు గడగడ చెప్పుదురు. ఆ వేకువను ఆ కొండమీద ఐదుగురుండిరి. దొరగారును దొరసానిగారును పోగా, మిగిలిన ముగ్గురు తెలుగువారు: క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. ఐదుగురు మోకరించిన చోట ముగ్గురి పేర్లు జారిపోవుట చిన్న సంగతి వలె తోచును. కాని ఆ కథ విన్న పిల్లవానికి, మంచి పని చేయువాడు ఎప్పుడును వేరే దేశమునుండి రావలెనని నోటితో చెప్పకయే నేర్పితిమి.

ఇది ఒంగోలు సంగతి మాత్రమే కాదు. పంజాబులో సియాల్‌కోట ప్రాంతమున 1873లో దిత్తు అనునతడు బాప్తిస్మము పొంది, తన వారిని ఒక్కొక్కరిగా తెచ్చెను. అతడును చూహ్రా కులమువాడు. అతడును తోళ్ల వర్తకుడే. ఏల తోళ్ల వర్తకులే? ఆలోచించిన కారణము తెలియును. పాలేరు కాలు భూస్వామి చేనిలో కట్టబడియుండెను. ఊరు దాటుటకు సెలవు లేదు. తోళ్లు కొని అమ్మువాడు ఊరూరు తిరుగును; నాలుగు చోట్ల మాట వినును; లెక్క తెలిసినవాడు; రెండు రూకలు చేతిలో నుండును. లోకము అంటరాదని త్రోసిన వృత్తియే వానికి దారి తెరచెను. పికెట్ గారు దేశమంతట తిరిగి విచారించి 1933లో ప్రచురించిన గ్రంథము కూడ ఇటువంటి గుంపు కదలికలలో మొదటి అడుగు తరచుగా ఆ ప్రజలదేయని తెలిపెను.

ఇప్పుడు ఎదిరింపు మాటకు వత్తము. ఒంగోలు ప్రాంతమున క్రొత్తగా చేరువారికి మూడు నియమములు చెప్పబడెను: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. నేడు చదువువారికి ఇవి ఒట్టి మతాచారములుగా కనబడును. ఆనాటి పల్లెలో నిలిచి చూడుడి. మాదిగ యనగా ఊరి గొడ్డు చచ్చిన ఈడ్చి పారవేయవలసినవాడు. ఆ మాంసమే వాని కూలి. జాతరకు డప్పు కొట్టవలసినవాడు. లందలో తోలు నానబెట్టి, ఆరెతో కుట్టి, రైతుకు చెప్పులును బావికి తోలు బానయు అందించి, కళ్లమువద్ద పెట్టినంత గింజలు తీసికొనవలసినవాడు. అట్టివాడు ఆదివారము పనికి రానన్నాడనగా, ఏడు దినములలో ఒక దినము నీది కాదు అని ఆసామితో చెప్పెను. చచ్చినదానిని తిననన్నాడనగా, ఈ కూలి నాకు వద్దు అనెను. డప్పు కొట్టననగా, మీ పండుగకు నేను పనిముట్టును కాననెను. ఈ కాలమున దీనినే సమ్మె యందురు. ఆ మాట వారికి తెలియదు. పని మాత్రము తెలిసెను.

దానికి వారు చెల్లించిన వెల కూడ చెప్పవలెను. బావి దగ్గరకు రానీయలేదు, పనికి పిలువలేదు, అంగడిలో సరుకు ఇయ్యలేదు. కొట్టిరి, దొంగతనములు అంటగట్టిరి. ఒంగోలు పాఠశాలలో పై కులముల పిల్లలుండిరి. మాదిగలను చేర్చుకొనిన తమ పిల్లలను మానిపింతుమని వారి పెద్దలు చెప్పిరి. క్లౌ దంపతులు వేర్వేరు గదులలో బైబిలు తెరువగా ఇద్దరికిని కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయములో, దేవుడు లోకములో నీచులను ఏర్పరచుకొనుటను గూర్చిన వాక్యములే కనబడెనని ఆ కుటుంబపు సాక్ష్యము. పిల్లలు మానిపోయిరి, పల్లె మిగిలెను.

1876 మొదలు 1878 వరకు గొప్ప కరవు వచ్చెను. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును క్లౌ గారు గుత్తకు తీసికొని ఆకలిగొన్న వేలమందికి కూలి కల్పించిరి. కూలికొరకు చేరిరను మాట రాకుండ కరవు కాలమంతయు బాప్తిస్మములు ఆపివేసిరి. పిమ్మట 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటిలో, వెలుంపల్లి యొద్ద, ఒకే దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆరుగురు బోధకులు, ఒక్కసారి ఇద్దరు చొప్పున నీటిలో నిలిచి ఆ పని జరిగించిరి. ఈ అంకెను మనము గర్వముగా చెప్పుదుము. ఆ అంకెలోని ఒక్కొక్కరు ఇంటికి పోయి మరునాడు ఏ ఆసామి యెదుట నిలిచిరో అది చెప్పము.

ఈ సంగతులు మనకు ఎట్లు దక్కెను? ఎమ్మా రౌషెన్‌బుష్ అను స్త్రీ వలన చాలవరకు దక్కెను. ఆమె 1882లో ఈ దేశమునకు వచ్చెను; తరువాత స్త్రీల హక్కులను గూర్చి వ్రాసిన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద బెర్న్ విశ్వవిద్యాలయములో పరిశోధన చేసి, 1894లో క్లౌ గారిని వివాహమాడెను. చెప్పులు కుట్టుకొనుచు మాదిగ పెద్దలు చెప్పిన కథలను ఆమె వినెను, వ్రాసికొనెను, 1899లో గ్రంథముగా వేయించెను. వారి యోగ గురువుల కథలను సయితము కొట్టివేయక వ్రాసెను. పండితులను అడుగక చెప్పులు కుట్టువారిని అడుగుట ఆ కాలమునకు వింతయే.

ఆమె తమ్ముడు వాల్టర్ రౌషెన్‌బుష్ న్యూయార్కు పేదవాడలో పాస్టరుగా నుండి, 1907లో క్రైస్తవ్యమును సమాజ సంకటమును గూర్చి పేరుపొందిన గ్రంథము వ్రాసెను. మార్టిన్ లూథర్ కింగ్ సెమినరీలో దానిని చదివి, అది తన తలంపుమీద చెరగని ముద్ర వేసెనని 1958లో తన పుస్తకములో ఒప్పుకొనెను. ఆయనతో ఏకీభవింపని చోట్లను కూడ చూపెను. ఒంగోలు మాదిగలే కింగుకు నేర్పిరని నేననుట లేదు. అది లేని చుట్టరికమును కలుపుట యగును. కాని ఒకే ఇంట పుట్టిన అక్క గుండ్లకమ్మ ఒడ్డున పేదల కథలు వ్రాయుచుండగా తమ్ముడు పేదవాడలో వాక్యము చెప్పుచుండెనని తెలియుట మంచిది.

కింగు పేరు వచ్చినది గనుక మరియొక మాట. మోంట్‌గోమరీ బస్సుల కథను మన పత్రికలు కూడ ఎన్నోసార్లు వేసినవి: రోజా పార్క్స్ అను కుట్టుపని స్త్రీ అలసి కూర్చుండెను, లేవననెను, దేశము కదిలెను. వినుటకు ఇంపుగా నున్నది. కాని 1955 డిసెంబరు 1 నాటికి ఆమె పన్నెండేండ్లుగా నల్లవారి హక్కుల సంఘములో పని చేయుచుండెను. ఆ యేటి వేసవిలోనే టెన్నెసీ కొండలలోని హైలాండర్ పాఠశాలకు పోయి తర్ఫీదు పొందెను. ఆమెకు తొమ్మిది నెలల ముందు క్లాడెట్ కాల్విన్ అను పదునైదేండ్ల బాలిక ఆ ఊరి బస్సులోనే లేవక అరెస్టయ్యెను. పార్క్స్ పట్టుబడిన రాత్రియే జో ఆన్ రాబిన్‌సన్ అను ఉపాధ్యాయిని తెల్లవారువరకు మేలుకొని వేలకొలది కరపత్రములు అచ్చువేయించెను. అట్లు సిద్ధపడిన జనము 381 దినములు బస్సెక్కక నడిచెను. అలసటవలన జరిగెనని చెప్పిన యెడల వినువాడు ఎవరో ఒకరు అలసిపోవువరకు కనిపెట్టుచు కూర్చుండును. సిద్ధపాటువలన జరిగెనని చెప్పిన యెడల, మన పల్లెలో సిద్ధపాటు ఎక్కడనున్నదని అడుగును. కథ చెప్పు విధమే వినువాని కాళ్లను కట్టును, లేదా విప్పును.

సౌత్ కరోలైనాలోని జాన్స్ ద్వీపములో ఇసా జెంకిన్స్ బస్సు నడపుచు, పనికి పోవువారికి దారిలోనే ఓటుహక్కు చట్టము చదివి నేర్పుచుండెను. 1957 జనవరిలో ఆ ద్వీపమున, ఒక అంగడి వెనుక గదిలో పెద్దల బడి తెరచిరి. నేర్పినది బెర్నీస్ రాబిన్‌సన్, జుట్టు దువ్వి తీర్చు పని చేయు స్త్రీ. ఆమె మొదటి రాత్రి తన పుస్తకము తెరువక, మీకేమి కావలెనని అడిగెను. పేరు వ్రాయుట, బైబిలు చదువుట, మనియార్డరు నింపుట, ఓటరుగా నమోదగుట అనిరి. ఆ క్రమముననే నేర్పెను. మన నెల్లూరు జిల్లాలోను ఇట్టిదే జరిగెను. అక్షరాస్యత ఉద్యమపు వాచకములో సారాయి వలన కుటుంబమునకు వచ్చిన బాధను గూర్చిన పాఠముండెను. దూబగుంటలో రోశమ్మ మొదలగు స్త్రీలు దానిని రాత్రి చదివి, పగలు సారాయి అంగడికి అడ్డునిలిచిరి. 1992లో అది జిల్లాలన్నిటికి ప్రాకెను. 1993 అక్టోబరు 1న రాష్ట్రములో సారాయి నిషేధింపబడెను. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో ఎత్తివేయబడెననుటయు చెప్పవలెను. గెలుపులు గోడమీద మేకుల వలె నిలువవు.

మరల మన వాకిటికి వత్తము. 1985 జూలై 16న కారంచేడులో మాదిగలు త్రాగు చెరువులో గేదెల కుడితి బకెట్టు కడుగుచుండగా, వద్దని అడిగిన స్త్రీ పేరు సువార్త. కొట్టవచ్చినవారికి ఎదురుగా ఆమె తన బిందె ఎత్తెను. మరునాడు దాడి జరిగెను. ఆరుగురు చంపబడిరి, స్త్రీలు చెరచబడిరి, బ్రదికినవారు చీరాలకు పరుగెత్తిరి. అక్కడి శిబిరమునుండియే దళిత మహాసభ పుట్టెను. 1989 నాటి అత్యాచారముల నిరోధక చట్టము వెనుక ఇట్టి ఊళ్ల రక్తమున్నది. సుప్రీంకోర్టు చివరి తీర్పు 2008లో వచ్చునప్పటికి 23 సంవత్సరములు గడిచెను. చచ్చిన గొడ్డును తినననిన పితరునికిని, కుడితినీళ్లు త్రాగననిన ఆ కుమార్తెకును నడుమ నూరేండ్లకు పైగా యున్నది, మాట ఒకటే. ఈ రెంటిని పిల్లల యెదుట ఒక్కచోట పెట్టి చెప్పిన సండే స్కూలు పాఠములు మన సంఘములలో ఎన్ని యున్నవి?

చెప్పకపోవుటకు మరియొక కారణమున్నదని నాకు తెలియును. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము షెడ్యూల్డు కులమువాడు క్రైస్తవుడైనచో ఆ హోదా పోవును. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును తలుపు తెరచిరి, మనకు తెరువలేదు. అట్టివారికి తెలుగు రాష్ట్రములలో దొరకునది వెనుకబడిన తరగతుల సి విభాగములో ఒక్క శాతము. అందుచేత ఎంతోమంది పిల్లలకు బడిలో ఒక పేరు, మందిరములో ఒక పేరు. వారిని అబద్ధికులని పిలుచు బోధకులతో నేను ఏకీభవింపను. ఆకలిగలవానిని రెండు పేర్ల మధ్య నిలువబెట్టిన ఉత్తర్వును ముందు ప్రశ్నింపవలెను. అయినను దీని ఫలితము చూడుడి. పేరు దాచవలసిన పిల్లవానికి చరిత్ర కూడ దాచవలసినదే. పేరయ్య మా తాత అని చెప్పుకొనవలసినవాడు, ఆ మాట ఎక్కడ పొక్కునోయని భయపడుచున్నాడు.

పగ పుట్టుననువారికి జవాబు చెప్పక దాటిపోరాదు. పుట్టవచ్చును. నిజమును చెప్పిన చోటనెల్ల ఆ భయమున్నది. నిర్గమకాండము 23వ అధ్యాయములో దేవుడు దీనికి కట్టు వేసెను: మీరు పరదేశులుగా నుంటిరి గనుక పరదేశి మనస్సు మీకు తెలియును, వానిని బాధింపకుడని దాని భావము. దేవుని లెక్కలో జ్ఞాపకము పైవానిని ద్వేషించుటకు కాదు, క్రిందివానిని త్రొక్కకుండుటకు. కాబట్టి మన చరిత్రలో మనకు సిగ్గు కలుగు భాగమును కూడ చెప్పవలెను. ఒక మందిరములో మాలలు మాదిగలతో బల్ల యొద్ద చేరనొల్లని దినములుండెను. కొన్ని చోట్ల నేటికిని పిల్లనిచ్చుటలో ఆ గీత నిలిచియున్నది. మన చేలలో యానాది కూలికి మనమేమి ఇచ్చుచున్నాము? మన ఇంటి పెండ్లిలో వానిని ఏ పంక్తిలో కూర్చుండబెట్టుచున్నాము? దొరలు మనకు చేసినదియు, ఆసాములు మనలను చేసినదియు చెప్పి, ఇది చెప్పనిచో మనము చెప్పినది చరిత్ర కాదు, ఫిర్యాదు. యౌవనులు సభలలో పలుకు మాటలలో నాకు కొరతగా తోచునది ఇదొక్కటే. వారి కోపము నాకు కొరతగా తోచలేదు.

సంఘ కాపరులకును సండే స్కూలు పంతులమ్మలకును ఒక పని చెప్పెదను. కోతలైన తరువాత, పల్లెలో ఎనుబదియేండ్లు దాటినవారి యొద్దకు పిల్లలను నలుగురైదుగురిగా పంపుడి. మొదట ఏ ఇంటివారు కలిసిరి, ఏ బావి వద్దనిరి, డప్పు ఎవరు మానిరి, ఆ యేడు ఏమి తినిరి అని అడిగి, వారు చెప్పిన మాటలలోనే నోటుపుస్తకములో వ్రాయనీయుడి. దిద్దకుడి. మందిరపు బీరువాలోని పాత బాప్తిస్మపు రిజిష్టరును ఎండలో పెట్టి చెదలు దులిపి, ఆ పుస్తకముతో సరిచూడనీయుడి. స్త్రీల సంగతి ప్రత్యేకముగా అడుగుమనుడి; నాగమ్మ వంటివారి పేరు భర్త పేరు ప్రక్కన ఒక మాటగానే మిగిలెను, ఆమె ఏమి చెప్పెనో, ఏ ఇండ్లు తొక్కెనో వ్రాసినవారు తక్కువ. ఎనుబదియేండ్లవారు ప్రతి పల్లెలోను ఇద్దరు ముగ్గురుకంటె మిగులలేదు. వారిలో కొందరు ఈ వేసవి దాటరు.